కోకాపేట రేకుల షెడ్ల మీద వాన

శనివారం ఉదయం ఏడున్నరకు మూసాపేటలో మెట్రో ఎక్కాం, నేనూ మా ఆఫీసు సుజాతా. కోకాపేటలో కడుతున్న ఒక టవర్ వెనక కూలీల క్యాంపు ఉంది. సుజాత ఆదివారాలు అక్కడి పిల్లలకు చదువు చెబుతుంది. బోరు ఎండిపోయిందని, ట్యాంకర్ వస్తే వచ్చినట్టు లేకపోతే లేదని ఆమె చెప్పాక, వాన నీళ్ళు పట్టే ఏర్పాటు చేద్దామనుకున్నాం.

అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గంలో దిగాం. ఇడ్లీలు తిని ఆటో మాట్లాడుకున్నాం. "ఆడికి ఎందుకు మేడం? రాళ్ళు తప్ప ఏం లేవు," అన్నాడు డ్రైవర్. నిజమే. అద్దాల భవనాలు దాటగానే చెట్టన్నది లేని రాతినేల, దాని మీద రేకుల షెడ్లు.

పాలమూరు నుంచి పనికొచ్చిన ఎల్లమ్మ ఎదురొచ్చింది. "నిన్న గూడ ట్యాంకర్ రాలే. పోరగాండ్లకు తానాల్లేవు," అంది. మేం ముందే పంపించిన పైపులను ఆమె భర్త నిలువునా కోసి చూరు కింద బిగించాడు. రేకుల మీది మురికి ముందు బయటికి పోయేలా చేసి, మిగతా నీళ్ళను వల గుండా, ట్యాంకర్ నీళ్ళు పట్టే నల్ల ట్యాంకులోకి మళ్ళించాం.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. ట్యాంకు నిండుతుంటే ఆడవాళ్ళు బిందెలతో తడుస్తూనే నవ్వారు. అంతలో సైట్ మేనేజర్ గొడుగేసుకుని వచ్చాడు.

"ఈ పైపులు తీసేయించండి మేడం. రేపు ఫ్లాట్లు చూడ్డానికి కస్టమర్లు వస్తారండీ. రోడ్డుకు కనిపిస్తే బాగోదు."

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే ఎల్లమ్మ అందుకుంది.

"మేం గూడ కనవడుతం గద సారూ. మమ్ముల గూడ తీసేస్తవా? చెప్పు, ఇయ్యాల్నే మూట గట్టుకుంటం."

ఆమె వెనక ఆడవాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు. వీళ్ళు కదిలితే స్లాబ్ పని ఆగిపోతుందని అతనికి తెలుసు.

"పోనీ, రోడ్డు వైపువన్నా వెనక్కి మార్చండి," అని గొణిగాడు.

"ఒక్కటి గూడ తియ్యం," అంది ఎల్లమ్మ. అతను వెళ్ళిపోయాడు. పైపులు ఉండిపోయాయి.

అయిదింటికి తిరుగుముఖం పట్టాం. టవర్ ముందు ఆటో ఆగిపోయింది. సెల్లార్‌లో చేరిన వాన నీళ్ళను మోటార్లు పెట్టి రోడ్డు మీదికి తోడేస్తున్నారు. నేను దిగి వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళాను.

"ఈ పైపు గోడ అవతల క్యాంపులోకి వేస్తే ఏం పోతుంది?"

"ఆర్డర్ లేదు మేడం," అన్నాడతను, నా మొహం చూడకుండా.

రాయదుర్గంలో రైలెక్కి కూర్చున్నా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ క్యాంపు కరువులో వాన తప్పేమీ లేదు. అది గోడకు రెండు వైపులా ఒకేలా కురిసింది.