తీపెక్కిన ఉర్లగడ్డలు

రాయపురంలో మా ఇంట్లో ఎలుకల బెడద ఎక్కువ. అందుకని ఆ ఎండాకాలం మా అత్తగారు ఉర్లగడ్డలనే బంగాళాదుంపలు కూడా ఫ్రిజ్‌లోనే సర్దాను. అప్పటికే మా అత్తగారికి మతిమరుపు మొదలైంది. తిన్న కాసేపటికే అన్నం పెట్టలేదనేది. అది ఇంకా ముదురుతుందని డాక్టరు చెప్పాడు.

ఒక మధ్యాహ్నం ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏమ్మా, ఉర్లగడ్డలో చక్కెర ఏసినావా?"

"లేదత్తయ్యా."

"తియ్యంగా ఉండాదే!"

నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మేం తింటున్న వేపుడు కారంగానే ఉంది. ఇప్పుడు నాలుక కూడా రుచులు మరిచిపోతోందా అని నాకు భయమేసింది.

"ఊరికే ఏదో అంటావులేమ్మా" అన్నాడాయన.

"ఈడ నా మాట ఎవురు నమ్మతారు?" అని ఆమె చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

ఆమెకు కారం పడదని విడిగా తీసిన వేపుడు కంచంలో మిగిలిపోయింది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నిజంగానే తియ్యగా ఉంది. ఆమే చక్కెర చల్లుకుందా? లేక నేనే వేసి మరిచిపోయానా? ఎంత ఆలోచించినా తెలియలేదు. నా మీద నాకే అనుమానం వచ్చింది.

గుంటూరులో వ్యవసాయం పాఠాలు చెప్పే మా తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఫ్రిజ్‌లో పెట్టావా అక్కా? తవ్వి తీశాక కూడా దుంప బతికే ఉంటుంది. బాగా చలి తగిలితే అందులోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేస్తాయి. వేపితే నల్లబడేది కూడా అందుకే."

మంట ఎక్కువై ముక్కలు మాడాయనుకున్నాను నేను.

"బయట పెడితే తగ్గుతుందా?"

"కొన్నాళ్ళకి కొంత తగ్గుతుంది. అంతా పోదు."

ఎందుకు పోదో కూడా చెప్పాడు గానీ, నాకు సగమే అర్థమైంది.

అత్తగారి పక్కన కూర్చుని, ఆమె చెప్పిందే నిజమని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అయితే నాకేమీ కాలేదు గదమ్మా?"

అవునన్నట్టు తలూపాను.

మర్నాడు, పొద్దున కిందింటావిడ వచ్చి తనతో మాట్లాడి వెళ్ళిందని ఆమె అంది. ఎవరూ రాలేదని మా ఆయన అన్నాడు. నేను మెట్లు దిగి వెళ్ళి అడిగాను. ఆవిడ రాలేదట. పైకి వచ్చాను గానీ, ఆ మాట అత్తగారికి చెప్పలేకపోయాను.