మా మిద్దె మీద పడవ

ఆ పడవాయన మీద నాకు ఇప్పటికీ అసూయే. శ్రీశైలం జలాశయంలో కర్నూలు వైపు రేవు నుంచి అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించేవాడు. చుక్కాని పక్కన నీటి లోతు చూపే పాత యంత్రం ఒకటి ఉండేది. ఎప్పుడో సముద్రంలో తిరిగిన పడవ నుంచి ఊడదీసింది. గాజు పసుపుబారినా అంకెలు స్పష్టంగా కనిపించేవి. అంకె చూసే ముందు ఆయన దాన్ని వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు, ఎవరింటి తలుపో తట్టినట్టు.

"ఆ డబ్బా పారేయప్పా, సెల్లులో మ్యాపు ఉండాది గదా," అన్నాడొక ప్రయాణికుడు.

"నీ సెల్లులో నీళ్లే కనపడతాయి. నీళ్ల కిందుండే ఊరు దీంట్లో తెలుస్తాది. గోడ తగిలితే మునిగేది నువ్వే."

ఆ ఊరు మాది. నా చిన్నప్పుడే మునిగింది. మా ఇల్లున్న చోటు చూడాలనే ఆ రోజు పడవెక్కాను. ఊళ్లో ఒకే ఒక్క రెండంతస్తుల మిద్దె మాదని చెప్పాను.

"ఓ, అదా! శానా ఎత్తు సార్. నీళ్లు తగ్గితే సుట్టుకొని పోవాల. ఇప్పుడైతే దినామూ దాని మీందనే పోతాండా."

లోతు ముప్పై అడుగుల నుంచి ఒక్కసారిగా పన్నెండుకు పడింది. "ఇదే సార్," అన్నాడు. వంగి చూస్తే బురద నీళ్లే. ఆయన పుట్టింది ఎక్కడో దూరాన వేంపల్లెలో. మా గడప ఎన్నడూ తొక్కలేదు. అయినా మా మిద్దె ఎత్తు నాకంటే ఆయనకే తెలుసు.

తిరుగు ప్రయాణంలో నేనొక్కడినే ఉన్నాను. "ఇంగోసారి మీ ఇంటి మీంద పోదామా సార్?" అన్నాడు.

మా ఇంటికి నన్ను ఈయన పిలవడమేమిటని కడుపు మండింది.

"ఈసారి నేను తడతా," అన్నాను.

ఆయన పక్కకు జరిగాడు.

"తట్టండి సార్. మీ ఇల్లే గదా."