అవిసెల పొడి, గడప మీద పేరు

మా బాపమ్మకు ఒక్కటే మాట: "తిన్నది యాడికీ పోదు."

ఆదిలాబాద్ పత్తి జిన్నింగు మిల్లుల పని మానుకున్నంక తాతకు మోకాళ్లు వాచినయి, మతిమరుపు మొదలైంది. బాపమ్మ అవిసెలు దోరగా వేయించి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయలేసి దంచి, జొన్నరొట్టె మొదటి ముక్కకు అద్ది ఇచ్చేది. "వాపు దిగుతది, యాది తిరిగొస్తది" అనేది, అనుమానమే లేనట్టు.

ఒకనాడు మా మేనత్త, "బాపు నీ పేరు కూడ మర్శినట్టుండు, అవ్వా" అన్నది.

"మర్శిండో లేదో ఎట్ల తెలుస్తది? ఏనాడన్న పిలిస్తె గద" అని బాపమ్మ నవ్వింది. పెండ్లినాడు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి అడిగితే తాత ఒక్కసారి చెప్పిండట. మళ్ల ఆ పేరు ఆయన నోట్లెకెల్లి రాలే.

ఆ సాయంత్రం తాత ఇంటికొచ్చేసరికి బాపమ్మ పొడి డబ్బ పట్టుకొని గడపకు అడ్డంగా నిలబడ్డది. "పేరు చెప్పి లోపలికి రావాలె" అన్నది.

తాత కొత్త పెండ్లికొడుకు లెక్క తలొంచుకొని, మెల్లగ చెప్పిండు.

"తిన్నది యాడికీ పోదు" అని బాపమ్మ పక్కకు జరిగింది.

ఆ పేరు మేము మొదటిసారి ఇన్నది గా పూటనే.