కడిగిన రాళ్లు

కొండల్లో నేషనల్ పార్కు వెలిసి డెబ్బై ఏళ్లయిందని, దాన్ని కట్టిన కూలీల్లో మిగిలినవాళ్లకు సన్మానమని కబురు వచ్చింది. మిగిలింది ముగ్గురే. వారిలో హోబర్ట్ ఓగిల్‌కు తొంభై ఏళ్లు. ఇంతకాలం బతికి ఉండటం తప్ప తను చేసిన ఘనకార్యం ఏమీ లేదని అతనికి తెలుసు. ఇంట్లోవాళ్లకే తెలియదు. ఆ పార్కు రోడ్డు మలుపు దగ్గరి రాతిగోడ తనే కట్టానని అరవై ఏళ్లుగా కోతలు కోస్తున్నాడు. కూతురు నోలా ఆ గోడ ఫోటోకు ఫ్రేము కూడా కట్టించింది.

అసలు సంగతి వేరు. దేశంలో ఎక్కడా పని దొరకని రోజుల్లో హోబర్ట్ పార్కు పనులకు కుర్రాళ్లను చేర్చుకునే ప్రభుత్వ క్యాంపులో చేరాడు. పని రాదు గానీ పనిమీద అభిప్రాయాలు దండిగా ఉండేవి. గోడ కట్టమంటే రాళ్లన్నీ వాగుకు మోసుకెళ్లి, బ్రష్షుతో రుద్ది, నాచంతా వదలగొట్టి మరీ పేర్చాడు. గోడ కొండలో కలిసిపోవాలని, నాచు పట్టిన ముఖం బయటికి పెట్టాలని మొదటిరోజే అందరికీ చెప్పారు. అప్పుడు మనవాడు రెండోసారి రొట్టెల కోసం వరసలో నిలబడి ఉన్నాడు.

మేస్త్రీ క్రాలీ వచ్చి ఆ తళతళలు చూశాడు.

"ఒరేయ్, నేను కట్టమన్నది కొండమీద గోడ. మీ అమ్మ వంటిల్లు కాదు."

సోమవారానికి విప్పి మళ్లీ కట్టకపోతే మూట సర్దుకోమన్నాడు. ఇంటి దగ్గర ఆరుగురు తోబుట్టువులు హోబర్ట్ జీతం మీదే ఆధారపడి ఉన్నారు. క్యాంపులో అతని పక్క మంచం లూథర్ ట్రెంట్ రాతిపనివాడి కొడుకు. శని, ఆదివారాల సెలవు మానుకుని గోడంతా విప్పి అతనే మళ్లీ కట్టాడు. హోబర్ట్ చెయ్యి వెయ్యబోతే, "నువ్వు ముట్టుకోకురా, అదే పదివేలు," అన్నాడు. సోమవారం మేస్త్రీ హోబర్ట్ భుజం తట్టాడు. అది తన పని అని లూథర్ చెప్పుకోలేదు. తర్వాత యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. కాదనేవాడు లేకపోవడంతో హోబర్ట్ కోతలకు అడ్డు లేకుండా పోయింది.

సన్మానం రోజున పార్కు ఉద్యోగిని ఒకామె గోడకు బిగించబోయే ఇత్తడి పలక చూపించింది. దానిమీద ఒక్క హోబర్ట్ పేరే ఉంది. అది చదివి హోబర్ట్ సిగ్గుతో తల అడ్డంగా ఊపాడు.

"ఇది నాది కాదమ్మా. లూథర్ ట్రెంట్ కట్టాడు. నేను కట్టింది విప్పేశారు," అన్నాడు.

ఆ పెద్దాయన వినయానికి జనం చప్పట్లు కొట్టారు. అరవై ఏళ్లు అబద్ధాలు నమ్మినవాళ్లు ఒక్క నిజం నమ్మడానికి ఒప్పుకోలేదు. నోలా మాత్రం చప్పట్లు కొట్టలేదు. తండ్రి ముఖంలోకి చూసి అడిగింది.

"నిజమా, నాన్నా?"

"నిజమే, తల్లీ."

ఫోటోగ్రాఫరు గోడమీద చెయ్యి వేసి నిలబడమన్నాడు. హోబర్ట్ కర్ర ఊతంతో మెల్లగా పక్కకు జరిగాడు.

"నేను అడ్డం ఉన్నాను బాబూ. లూథర్‌ని ఫోటో తియ్యి."

నోలా వచ్చి తండ్రిని ఇంకో రెండడుగులు పక్కకు నడిపించింది.