హాబుల్ క్రీక్ దగ్గర ఏడు బండ్లు

నెల్డా ప్రుయిట్ ముప్పై ఒక్కేళ్లు స్కూలు బస్సు నడిపింది. వయోమింగ్ చలిలో, మోకాలి లోతు మంచులో కూడా ఏనాడూ పిల్లల తలల లెక్క తప్పలేదు. రిటైరయ్యాక ఆ లెక్క వేటగాళ్ల మీదికి మళ్లింది. ఏ లోయలో ఎంతమంది దిగుతారో తేల్చుకోకుండా ఎల్క్ వేటకు బయల్దేరడం ఆమె దృష్టిలో శుద్ధ దండగ. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. మనుషుల అలికిడి ఎక్కువైందంటే కొండే మార్చేస్తుంది.

ఊళ్లో మగాళ్ల పద్ధతి వేరు. కాలిబాట మొదట్లో ఆగి ఉన్న బండ్లు లెక్కపెట్టి, "అమ్మో, జనం!" అనుకుని మైళ్ల కొద్దీ లోపలికి పారిపోతారు. అందరూ అలాగే పారిపోయి, అక్కడ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. నెల్డాకు ఎన్నేళ్లు చూసినా నవ్వే. ఆమె లెక్కపెట్టేది బండ్లను కాదు, బూట్లను. మామూలు పికప్‌కు ఇద్దరు, గుర్రాల ట్రెయిలర్ ఉంటే ఐదుగురు. వేటశాఖ ఆఫీసుకు ఫోన్ చేసి, నిరుడు ఎంతమంది వచ్చారు, తలా ఎన్ని రోజులు తిరిగారు అని అడిగి సరిచూసుకుంటుంది. అక్కడి గుమాస్తా ఆమె గొంతు వినగానే కాగితాలు దగ్గరికి లాక్కుంటుంది.

హాబుల్ క్రీక్ లోయలో వేటకు పర్మిట్లు లాటరీలో ఇస్తారు. నెల్డా పదకొండేళ్లు వరసగా పేరు వేస్తే ఈ ఏడు తగిలింది. డిసెంబరులో మోకాలి ఆపరేషను. ఆ తర్వాత తుపాకీ మోస్తూ కొండలెక్కడం మర్చిపొమ్మని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఉన్నది ఈ ఒక్క సీజనే.

సీజను మొదటిరోజు తెల్లవారుతుండగా చెల్లెలు ట్విలాతో కలిసి అక్కడికి చేరింది. వీళ్ల ముందు వెళ్లిన బండి ఒకటి ఆగినట్టే ఆగి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. చూస్తే ఏడు పికప్‌లు, వాటిలో రెండింటికి గుర్రాల ట్రెయిలర్లు.

"అక్కా, ఇక్కడేదో జాతర జరుగుతోందే! తిప్పెయ్ బండి, ఇంకోచోట చూద్దాం," అంది ట్విలా.

"పర్మిట్ ఈ లోయకే ఇచ్చారు. ఇంకోచోటంటే ఎక్కడే, నీ పెరట్లోనా?"

నెల్డా కర్ర పట్టుకుని దిగింది. ఏడు బండ్ల చుట్టూ తిరిగింది. మొన్న పడ్డ మంచు అలాగే ఉంది. ట్రెయిలర్ల వెనక లద్దె లేదు, గడ్డిపరక లేదు. ప్రతి బండి తలుపు దగ్గరా బూటు గుర్తులున్నాయి కానీ అవి కొండ వైపు కాక రోడ్డు వైపు పోయాయి. ఏడు చోట్లా ఒకటే బూటు! ఎడమ మడమ బయటివైపు అరిగింది. అంటే జనం ఉన్నారనుకుని మిగతావాళ్లు వెనక్కి పోవాలని ఒక్కడే ఒక్కో బండీ తెచ్చి పెట్టి, రోడ్డు మీదికి నడిచిపోయాడు. నెల్డాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో డెల్బర్ట్ స్లేడ్ వచ్చాడు. డబ్బున్నవాళ్లను గుర్రాల మీద వేటకు తీసుకెళ్లే గైడు. ఇద్దరు పొరుగు రాష్ట్రం వాళ్లు వెంట ఉన్నారు, బండి వెనక ట్రెయిలర్‌లో ఐదు గుర్రాలున్నాయి.

"ఏం నెల్డా, ఆలస్యంగా వచ్చావే! లోపల ఇరవై మంది దాకా ఉన్నారు. ఆ మోకాలితో ఈ తొక్కిసలాటలో ఏం పడతావ్? ఇంటికెళ్లి వేడివేడిగా సూప్ తాగు," అన్నాడు.

"ఇరవై మందీ ఎగిరొచ్చారా డెల్బర్ట్? బాట మీద కుందేలు అడుగులు తప్ప ఏమీ లేవు. ఈ ఏడు బండ్ల దగ్గరా ఒకటే బూటు. ఏదీ, నీ ఎడంకాలు ఎత్తు, చూద్దాం!"

డెల్బర్ట్ కాలెత్తలేదు. మొహం మాత్రం జేవురించింది. "ఇది అందరి స్థలం. నా పాత బండ్లు ఎక్కడ పెట్టుకుంటే నీకెందుకు?"

"పెట్టుకో నాయనా! లోయ కూడా అందరిదే, నీ తాత జాగీరేం కాదు. నీ పప్పులు నా దగ్గర ఉడకవు."

"సరే, ఎక్కు. మాకు గుర్రాలున్నాయి. నువ్వు సగం దారి చేరేలోపు పైన ఎల్క్ తోక కూడా మిగలదు," అంటూ జీన్లు బిగించాడు.

ట్విలాకు కళ్లలో నీళ్లొచ్చాయి. "పదకొండేళ్లు ఎదురుచూశావే అక్కా," అంది. నెల్డా కొండకేసి చూసింది. అతనన్నది అబద్ధం కాదు. గుర్రాలతో పోటీపడి కొండెక్కడం ఆమె వల్ల కాదు. కానీ వెనక్కి పోవడమా? చస్తే పోదు! ముగ్గురు మనుషులు, ఐదు గుర్రాలు, నేరుగా శిఖరానికి. ఆ చప్పుడుకు బెదిరిన ఎల్క్ ఎటు దిగుతుంది? మనిషి లేని వైపు. అందరూ పైకే ఎగబడతారు కాబట్టి మనిషి లేనిది కిందే. రోడ్డుకు అర మైలు దూరంలో ఆస్పెన్ చెట్ల గుబురు ఉంది. అటు ఎవరూ కన్నెత్తి కూడా చూడరు.

"పద," అంది నెల్డా. "కొండెక్కం. కూర్చుంటాం."

తోటి వేటగాళ్లకు కనబడేలా నారింజ రంగు టోపీలు పెట్టుకుని పడిపోయిన మాను వెనక కూర్చున్నారు. మోకాలు సలుపుతుంటే నెల్డా పళ్లు బిగబట్టింది. తొమ్మిది కాకముందే పైన గుర్రం సకిలించింది, రాళ్లు దొర్లాయి. కాసేపటికి చెట్ల మధ్యకు ఆరు ఎల్క్‌లు దిగాయి. చివరిది పెద్ద మగది. నెల్డా తుపాకీని మాను మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారే పేల్చింది.

మధ్యాహ్నం మూడింటికి డెల్బర్ట్ బృందం ఉత్త చేతులతో దిగివచ్చింది. అక్కాచెల్లెళ్లు కోసిన మాంసంలో చివరి తొడను పికప్‌లోకి ఎత్తుతున్నారు. కొమ్ములు చూసి డెల్బర్ట్ నోరెళ్లబెట్టాడు.

వెంట వచ్చినవాళ్లలో పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు: "ఇంత జనంలో మీకెలా దొరికిందమ్మా?"

"జనమెక్కడ బాబూ?" అంది నెల్డా నెత్తుటి చేతులు మంచుతో రుద్దుకుంటూ. "ఈ రోజు లోయలో ఉన్నది ఐదుగురం. అందులో ముగ్గురు నాకోసం పనిచేశారు."