క్రాలర్‌కు ఒక పేజీ, మనిషికి ఒక పేజీ

గత మంగళవారం పొద్దున జగిత్యాల ఆసుపత్రిలో మా కంప్యూటర్ సారు కన్నుమూశారు. కబురు తెలిసినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కోరుట్లలో ఆయన ఇంటర్నెట్ సెంటర్‌లో పని నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు ఆయన మంచితనం గురించి రాస్తారు, రాయనివ్వండి. నేను రాయాల్సింది వేరే ఉంది.

సారుకు ఓపిక ఎక్కువ, నాకు తొందర ఎక్కువ. గల్ఫ్ కాగితాలు పట్టుకుని ఇబ్రహీంపట్నం, మల్లాపూర్‌ల నుంచి వచ్చేవాళ్లకు ప్రతి అక్షరం చదివి వినిపించేవారు. "సంతకం ఏడ పెట్టాల్నో గది చెప్పుండ్రి సారూ, సాలు" అని వాళ్లు విసుక్కున్నా వదిలేవారు కాదు. "ఇనకుంట పెడ్తె, ఆడికి పొయినంక ఎవలు చెప్తరు నీకు?" అనేవారు. ఈలోగా ఆయన టీ చల్లారిపోయేది. దాన్నే తాగేవారు.

నేను ఆ సెంటర్‌లోనే పనిచేసేదాన్ని, మేం వెబ్‌సైట్లు కూడా చేసేవాళ్లం. ఏ పేజీ చేసినా సారు దాన్ని రెండుసార్లు తెరిచి చూసేవారు. సెర్చ్ ఇంజిన్లు పేజీలు చదివి రమ్మని ఒక ప్రోగ్రామును పంపుతాయి, దాన్నే క్రాలర్ అంటారు. ఒకసారి మామూలు మనిషిలా, ఇంకోసారి ఆ క్రాలర్‌లా తెరిచేవారు. రెండింటికీ ఒకటే కనబడాలి. అబ్బ, ఏం చాదస్తం అనుకునేదాన్ని.

ఒక చీరల దుకాణం సైటు పనిమీద ఆయన సిరిసిల్ల వెళ్లిన వారంలో ఒక గల్ఫ్ ఏజెంటు వచ్చాడు. "చెల్లె, మిషన్ అచ్చినప్పుడు గిది సూపెట్టాలె, మనుషులు అచ్చినప్పుడు గది సూపెట్టాలె. అయితదా?" అన్నాడు. ఎందుకు కాదు! క్రాలర్‌కు స్టోర్ కీపర్ పని, ఉచిత వీసా, సర్కారు లైసెన్సు అనే మాటలు. మనుషులకు ఫోన్ నంబరు, నవ్వు మొహాల ఫోటోలు. వెతికేవాళ్లకు సెర్చ్‌లో ఆ మాటలు కనిపిస్తాయి, లింకు నొక్కితే ఉండవు. రేపు ఎవరైనా నిలదీస్తే "మేమెక్కడ రాసినం?" అనొచ్చు. నేనంత దూరం ఆలోచించలేదు. పని గంటలో అయిపోయింది, నా తెలివికి నేనే మురిసిపోయాను.

సారు వచ్చాక, "రెండుసార్లు చూసినవా బిడ్డా?" అని అడిగారు. "చూసిన సారూ" అన్నాను. రెండూ వేరేగా ఉన్నాయని చెప్పలేదు.

తర్వాత మల్లాపూర్ నుంచి ఒకతను వచ్చి ఆ సెర్చ్ ఫలితాన్ని కాగితం మీద తీసివ్వమన్నాడు. "కంప్యూటర్ల అచ్చిందంటె ఇగ రందిలేదు" అన్నాడు. నా చేతులతోనే ప్రింటు తీసిచ్చాను.

అతను గల్ఫ్ వెళ్లిన మూడు నెలలకు అతని భార్య ఆ కాగితంతో వచ్చింది. అక్కడ స్టోరూ లేదు, ఏదీ లేదు. ఎడారిలో ఒంటెల వెంట తిప్పుతున్నారట, పాస్‌పోర్టు గుంజుకున్నారట. సారు పేజీ తెరిచారు. ఆ మాటలు లేవు. క్రాలర్‌లా తెరిచారు. అన్నీ ఉన్నాయి. తలెత్తి ఒక్కసారి నావైపు చూశారు.

"ఎవలు చేసిండ్రు ఇది?" అని ఆమె అరిచింది.

"నా దుకాణం పనే అమ్మా. తప్పు నాదే."

ఆమె బజారులో నిలబడి మన్నెత్తి పోసింది. "నా పిల్లల ఉసురు తాకుతది నీకు! నీ నోట్లె మన్నువడ!" సారు తల వంచుకుని నిలబడ్డారు. నేను లోపల కుర్చీలోంచి లేవలేదు. ఎందుకు లేవలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం ఒక్కమాటే అన్నారు. "మిషన్‌కు చెప్తున్న అనుకున్నవు బిడ్డా. గా మిషన్ మాట నమ్మి అచ్చేది మనిషే గద."

ఆ రోజే పేజీ తీసేశారు. ఆపైన ఏడాదిన్నర, వారం వారం దరఖాస్తులు పట్టుకుని జగిత్యాల ఆఫీసుల చుట్టూ తిరిగారు. అతను తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు గానీ వచ్చాడు. ఆ పేజీ చేసింది ఎవరో మాత్రం సారు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

సారు పోయిన మూడో దినం నాడు అతని భార్య సారు ఇంటికి వచ్చింది. షామియానా కింద కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"మరి సారును తిట్టిన తిట్లు నేనిప్పుడు ఎట్ల ఎనుకకు దీసుకోవాలె?" అంది.

చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. సారు ఫోటో ముందు కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. భోజనాలకు రమ్మని ఎవరో పిలిచినా కదల్లేదు. నేను గడప ఇవతలే ఆగిపోయాను.