నలభై మూడుకి నేను పలికాను

బాపట్లలో ఇంజనీరింగు మూడో ఏడాది చదివేటప్పుడు నాకొక విద్య బాగా అబ్బింది. లెక్చరర్ హాజరు పిలుస్తుంటే తల కిందికి వంచి, గొంతు సన్నగా చేసి, హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి నంబరుకి 'ప్రెజెంట్ సార్' అనేదాన్ని. తనది నలభై మూడు. నా నంబరు వచ్చేసరికి మళ్లీ నా మామూలు మోటు గొంతు. డెబ్బై మంది ఉన్న క్లాసులో ఎవరు తలెత్తి చూస్తారు? ఇలాంటి సాయం మా హాస్టల్లో అందరూ చేసేవాళ్లే. అందరికంటే నేను బాగా చేస్తానని కాస్త గర్వం కూడా ఉండేది.

తనది రేపల్లె దగ్గర పల్లె, వాళ్ల నాన్నది వ్యవసాయం. రెండేళ్లు అందరికంటే ముందు లేచి చదివిన పిల్ల, రెండు సబ్జెక్టులు తప్పాక మెల్లగా మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. "నిద్రొస్తోందే" అని గోడవైపు తిరిగేది. నాకు బాధ కలిగితే అరుస్తాను, ఏడుస్తాను, గంట తిరిగేసరికి మెస్‌లో పూరీ తింటుంటాను. తను అలా కాదు. ఏమైందని అడిగితే నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు భయం వేసేది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

పొద్దున క్లాసుకి రాకపోతే పదకొండు కల్లా కాలేజీ నుంచి ఇంటికి మెసేజ్ వెళ్తుంది. పొలంలో ఉన్న పెద్దాయన కంగారుపడతారని, నెలన్నర పాటు ఆ మెసేజ్ వెళ్లకుండా చూశాను. మొహమాటపడి వద్దంటుందని తనకి మాత్రం చెప్పలేదు.

ఒకరోజు పొద్దున చూస్తే, తన కోసం నేను ముందురోజు తెచ్చిపెట్టిన ఇడ్లీలు ప్లేటులో అలాగే ఎండిపోయి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. "నేనేమన్నా నీ పనిమనిషినా? నీ చావు నువ్వు చావు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ రోజు క్లాసులో నలభై మూడు అని పిలిస్తే పంతంగా నోరు మూసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి వాళ్ల నాన్న హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పంచె అంచుకి బురద ఇంకా ఆరలేదు.

"మెసేజ్ వచ్చిందమ్మా. మా పిల్ల ఎప్పుడూ క్లాసు మానదు, ఏదో అయ్యుంటదని వచ్చేశాను" అన్నారు. కూతుర్ని చూసి ఇంకేమీ అడగలేదు. వార్డెన్‌తో మాట్లాడి అప్పుడే తీసుకెళ్లిపోయారు.

మా ఊరు తెనాలి. అక్కడే మనసుకి వైద్యం చేసే డాక్టరు దగ్గర చూపిస్తున్నారని తెలిసి, మూడు వారాల తర్వాత ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. తిట్టినందుకు తప్పయిపోయిందన్నాను. ఆ తప్పు కాస్త తేలిక చేసుకోవడానికే కాబోలు, నెలన్నర తన బదులు పలికిన సంగతి కూడా చెప్పాను.

తను చటుక్కున నా వైపు తిరిగింది.

"నువ్వా పలికింది?" అంది. "చెప్పడానికి నాకు నోరు రాలేదే. క్లాసు మానితే మెసేజ్ వెళ్తది కదా, నాన్నే వస్తారని పడుకున్నాను. రోజూ రాత్రి ఫోన్ చేసి, బాగున్నావా అని అడిగి పెట్టేసేవారు. అన్నీ తెలిసి కూడా రావట్లేదనుకున్నాను."